నకళ్ల గుమాస్తాతో పేచీ

మధుమేహానికి వాడే ఒక చవక మాత్ర ఒక్క జన్యువుతో సరిపెట్టుకోదు, వందల జన్యువులను కదిలిస్తుంది. ఆ సంగతి హైదరాబాద్‌కు ఖరీదైన పాఠమే అయింది.

పుదుచ్చేరి పట్టణంలోని నెల్లితోపు పేరును తెలుగులోకి తెస్తే ఉసిరితోట అవుతుంది. తమిళంలో నెల్లి అంటే ఉసిరి. ఉసిరి రసం తాగితే షుగర్ దిగుతుందని నమ్మేవాళ్లు అక్కడా ఇక్కడా కోకొల్లలు కాబట్టి ఆ పేరు ఈ కథకు బాగానే అతికింది. భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ జరిపిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పుదుచ్చేరిలో వయోజనుల్లో 26.3 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు అందులో తేలింది. దానికంటే పైన ఉన్నది 26.4 శాతంతో గోవా ఒక్కటే. దేశ సగటు 11.4 శాతం. ఆగస్టు 15న పరలోకారోపణ మాత చర్చి ఉత్సవానికి నెల్లితోపులో గుమికూడే పెద్దల్లో ఆ లెక్కన నలుగురిలో ఒకరు ఈ బాపతే.

అక్కడ, యానాం నుంచి ఉద్యోగం మీద వచ్చి స్థిరపడిపోయిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. ఇంటి పెద్దాయనకు అరవై దాటాయి. పదేళ్లుగా షుగర్. మందుల షాపుకెళ్లి, "పాత చీటీయే తమ్ముడూ, పది రోజులకివ్వు" అంటే కౌంటర్‌లోని కుర్రాడు స్ట్రిప్పులు కత్తిరించి కాగితం సంచిలో వేసి ఇస్తాడు. అందులో ఒకటి పయోగ్లిటజోన్, 15 మిల్లీగ్రాములు. పెద్ద ఖరీదేమీ కాదు. షుగర్ దిగింది, సంతోషం. కానీ నాలుగు నెలలు తిరిగేసరికి సాయంత్రమయితే చెప్పులు బిగుతవుతున్నాయి, బరువు రెండు కిలోలు పెరిగింది. "వయసు కదా మామయ్యా, కాళ్లు వాస్తాయి" అంటుంది కోడలు. వయసే కావచ్చు. ఆ మాత్ర కూడా కావచ్చు. షుగర్‌ను దించినదీ, కాళ్లకు నీరు పట్టించినదీ ఒకే ప్రొటీన్ అయి ఉండటానికి అవకాశం ఎక్కువ. దాని పేరు పీపార్ గామా.

కణ కేంద్రకాన్ని పాతకాలపు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు అనుకుంటే దాని పని సులువుగా అర్థమవుతుంది. బీరువాల్లో సుమారు ఇరవై వేల దస్తావేజులున్నాయి. అవి జన్యువులు. అసలు దస్తావేజు ఎన్నడూ గది దాటదు. కావలసినప్పుడు నకలు తీసి బయటికి పంపుతారు. ఆ నకలు ఆర్‌ఎన్‌ఏ. నకలు తీసే పనికి మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు అనులేఖనం. నకలు తీసే ఎంజైమ్‌కు తీయడం తెలుసు తప్ప, ఏ దస్తావేజు ఎప్పుడు తీయాలో తెలియదు. అది చెప్పడానికి వేరే గుమాస్తాలున్నారు. మనిషిలో ఇలాంటి ప్రొటీన్లు 1,600 దాకా ఉంటాయని అంచనా. పీపార్ గామా వాటిలో ఒకటి. దాన్ని తయారుచేసే జన్యువు మూడో క్రోమోజోము మీద ఉంది.

ఈ గుమాస్తా ఒంటరిగా పని చేయదు. ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో ప్రొటీన్‌తో జోడీ కట్టి, డీఎన్‌ఏలో తాను గుర్తుపట్టే అక్షరాల వరస దగ్గర కూర్చుంటుంది. మన ఒంట్లోని కొవ్వు ఆమ్లమో, బయటి నుంచి వచ్చిన మందో దాని పొట్టలోని ఖాళీలో దూరితే దాని ఆకారం కాస్త మారుతుంది. అంతవరకు అడ్డం కూర్చున్న ప్రొటీన్లు తప్పుకుంటాయి, సహాయకులు చేరతారు, నకళ్లు మొదలవుతాయి. చిక్కల్లా ఏమిటంటే అది ఒక్క బీరువాకు గుమాస్తా కాదు. కొవ్వు కణాల్లో అది డీఎన్‌ఏకు వేల చోట్ల అంటుకుని ఉంటుందని 2008లో వెలువడిన పరిశోధనలు చూపించాయి.

పీపార్ అనే పొట్టి పేరులో ఒక తెలుగువాడి జీవితకాలపు కృషి ఇమిడి ఉంది. మొదటి రెండు పీలూ పెరాక్సిసోమ్ ప్రొలిఫరేటర్ అనే మాటలవి. పెరాక్సిసోములంటే కణాల్లో కొవ్వును కాల్చే చిన్న సంచులు. రక్తంలో కొవ్వు తగ్గించడానికి వచ్చిన క్లోఫిబ్రేట్ అనే మందు వేస్తే ఎలుకల కాలేయంలో ఆ సంచులు విపరీతంగా పెరిగిపోతాయని 1960ల్లోనే గమనించారు. ఆ వింత వెంట పడినవారు డాక్టర్ జనార్దన్ రెడ్డి. హైదరాబాద్ రాష్ట్రంలో పుట్టి, ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ చదివి, అమెరికా వెళ్లి షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. ఇలాంటి మందులు ఎలుకల్లో కాలేయ క్యాన్సర్ తెస్తాయని, అదీ డీఎన్‌ఏను నేరుగా దెబ్బతీయకుండానే తెస్తాయని ఆయన బృందం 1980లో నేచర్ పత్రికలో ప్రకటించింది. అప్పటికి అది వినసొంపైన మాట కాదు. క్యాన్సర్ కారకమంటే జన్యువును గాయపరిచేదే అన్న నమ్మకం బలంగా ఉన్న రోజులవి. దస్తావేజును చింపక్కర్లేదు, అదేపనిగా నకళ్లు తీయిస్తే చాలు, ప్రమాదం రావచ్చన్నది ఆ ఫలితం నుంచి తేలుతున్న భావం.

మరి నకళ్లు తీయిస్తున్నదెవరు? కణంలో ఈ మందులను పట్టుకునే గ్రాహకమేదో ఉండాలని ఆయన బృందం 1980ల్లో వాదిస్తూ వచ్చింది. 1990లో ఇంగ్లండ్‌లో ఇసాబెల్ ఇస్మాన్, స్టీఫెన్ గ్రీన్ అలాంటి గ్రాహకాన్ని ఎలుకలో పట్టుకుని పేరు పెట్టారు. తర్వాత ఒకటి కాదు, మూడు రకాలున్నాయని తేలింది. కాలేయంలో ప్రధానంగా ఆల్ఫా, కొవ్వు కణాల్లో గామా, దాదాపు అన్ని చోట్లా డెల్టా. జనార్దన్ రెడ్డి బృందం అక్కడితో ఆగలేదు. గుమాస్తా పిలిస్తే వచ్చే సహాయకుల కోసం వెతికి, 1997లో పీపార్ గామాను అంటిపెట్టుకునే ఒక కొత్త ప్రొటీన్‌ను వెలికితీసింది. అప్పట్లో దాన్ని పీబీపీ అన్నారు. ఇప్పుడది మెడ్1. గుమాస్తాకూ నకలు యంత్రానికీ మధ్య వంతెనలాంటి పెద్ద ప్రొటీన్ల కూటమిలో ఒక భాగం. అది లేని ఎలుక పిల్ల తల్లి కడుపులోనే చనిపోతుంది. కాలేయంలో మాత్రమే దాన్ని తీసేస్తే, పెరాక్సిసోములను పెంచే మందులు ఆ కాలేయం మీద పని చేయడం మానేస్తాయి. గుమాస్తా ఉన్నాడు, చీటీ అందింది, ఫైలు మోసే అటెండర్ లేడు, పని జరగలేదు. ప్రభుత్వ ఆఫీసులు తెలిసినవారికి ఇంకా వివరించనక్కర్లేదు.

ఇక మధుమేహం సంగతి. గ్లిటజోన్లనే మందుల కుటుంబం జపాన్‌లో టకేడా కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది. అవి ఇన్సులిన్ పనితీరును మెరుగుపరుస్తున్నాయని 1980ల మొదట్లోనే తెలుసు. ఎలా చేస్తున్నాయో తెలియదు. కొవ్వు కణం పుట్టుకకు పీపార్ గామాయే పెద్ద మేస్త్రి అని 1994లో అమెరికాలో బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం చూపించింది. మరుసటి ఏడాది, గ్లిటజోన్లు నేరుగా అంటుకునేది ఆ ప్రొటీన్‌కేనని గ్లాక్సో శాస్త్రవేత్తలు తేల్చారు. తాళంచెవి చేతికొచ్చిన పదేళ్లకు తాళం కనబడిందన్నమాట.

కొవ్వు కణాలను పెంచే మందు షుగర్‌ను దించడం విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఇంట్లో సామాను ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న. నడవలో పడి ఉంటే మనిషి తిరగలేడు. అదే సామాను అటకెక్కిస్తే ఇల్లు ఖాళీ అవుతుంది. కాలేయంలో, కండరాల్లో పేరుకున్న కొవ్వు ఇన్సులిన్ మాట విననివ్వదు. పీపార్ గామా చర్మం కింద కొత్త అటకలు కట్టించి కొవ్వును అక్కడికి చేరుస్తుంది. ఇన్సులిన్‌కు దారి దొరుకుతుంది. మనుషుల్లో ఇది నిజమేనా అన్న సందేహం 1999లో తీరింది. పీపార్ గామా జన్యువు పుట్టుకతోనే చెడిపోయిన కొందరిని కేంబ్రిడ్జిలో స్టీఫెన్ ఓ రాహిలీ, కృష్ణ చటర్జీ బృందం గుర్తించింది. వాళ్లకు చిన్న వయసులోనే మధుమేహం, రక్తపోటు, ఇన్సులిన్‌కు లొంగని శరీరం. గుమాస్తా లేకపోతే ఆఫీసు ఏమవుతుందో వాళ్ల ఒళ్లే చెప్పింది.

సరిగ్గా ఈ కాలంలోనే హైదరాబాద్ రంగంలోకి దిగింది. గుంటూరు జిల్లా తాడేపల్లి పసుపు రైతు కొడుకు, పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేట్ చేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఇతరులు కనిపెట్టిన మందులను చౌకగా తయారుచేయడంలో అప్పటి భారత పేటెంట్ చట్టం ఇక్కడి కంపెనీలకు పెట్టని కోట. ఆ కోట ఎల్లకాలం నిలవదని, సొంతంగా మందు కనిపెట్టాల్సిందేనని ఆయన లెక్క. 1993లో మియాపూర్‌లో పరిశోధన ఫౌండేషన్ మొదలైంది. తొలి గురి మధుమేహం, అందులోనూ పీపార్. అక్కడ పుట్టిన బాలాగ్లిటజోన్‌ను 1997లో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ లైసెన్స్‌కు తీసుకుంది. భారతీయ కంపెనీ కనిపెట్టిన కొత్త అణువు కోసం ఒక బహుళజాతి సంస్థ డబ్బు చెల్లించడం అప్పటికి కొత్త ముచ్చట. దాని వెనకే రాగాగ్లిటజార్ వెళ్లింది. అది ఇంకా ఆశపడింది. గామాను మాత్రమే కాదు, ఆల్ఫాను కూడా తట్టి లేపుతుంది. ఒకే మాత్రతో షుగర్, రక్తంలో కొవ్వు రెండూ దిగాలి. మనుషుల మీద చివరి దశ పరీక్షల దాకా వెళ్లింది.

2002 జులైలో ఫోను డెన్మార్క్ నుంచి వచ్చిందో, ఫ్యాక్సే వచ్చిందో గానీ కబురు మాత్రం చేదుది. మందు తిన్న ఎలుకల మూత్రాశయాల్లో కంతులు కనబడ్డాయి. నోవో నార్డిస్క్ పరీక్షలు నిలిపేసింది. ఎలుకల్లో వచ్చే క్యాన్సర్ గురించి జనార్దన్ రెడ్డి బృందం చెప్పి అప్పటికి 22 ఏళ్లు. ఆయన చూసింది కాలేయం, ఇక్కడ మూత్రాశయం. మందుల రసాయనం వేరు. కాబట్టి ఆయన ముందే చెప్పారనడం అతిశయోక్తి. కానీ ఈ గుమాస్తాను గట్టిగా తట్టి లేపితే ఏ బీరువా తెరుచుకుంటుందో ముందుగా తెలియదన్న మాట రెండుచోట్లా ఒకటే.

హైదరాబాద్ ఒక్కటే దెబ్బ తినలేదు. ఆల్ఫాను, గామాను కలిపి తట్టే మందుల్లో బ్రిస్టల్ మయర్స్ వారి మ్యూరాగ్లిటజార్, ఆస్ట్రాజెనెకా వారి టెసాగ్లిటజార్ 2006లో ఆగిపోయాయి. మొదటిది గుండె జబ్బుల దగ్గర, రెండోది మూత్రపిండాల దగ్గర. రోష్ వారి అలెగ్లిటజార్ 2013లో వాటి దారే పట్టింది. ఈ రకం మందులను ఆరు నెలలు మించి మనుషుల మీద పరీక్షించాలంటే ముందు రెండేళ్ల ఎలుక పరీక్షలు పూర్తి కావాలని అమెరికా ఎఫ్‌డీఏ షరతు పెట్టింది. ఎలుక మాట మనిషికి వర్తిస్తుందా అన్నది మాత్రం తెగని తగాదా. మ్యూరాగ్లిటజార్ తిన్న ఎలుకల మూత్రంలో స్ఫటికాలు పేరుకుని గోడలను గీరడం వల్లే కంతులు వచ్చాయని, మూత్రాన్ని ఆమ్లంగా మారిస్తే అవి రాలేదని తర్వాత తేలింది. అలాగని మనిషికి అభయం దొరికినట్టూ కాదు. బాలాగ్లిటజోన్‌ను నోవో వదిలేశాక డాక్టర్ రెడ్డీస్ మరో డెన్మార్క్ సంస్థతో కలిసి మూడో దశ దాకా లాక్కొచ్చినా అది మార్కెట్ ముఖం చూడలేదు. 2013 మార్చిలో అంజిరెడ్డి కన్నుమూసేనాటికి ఆ కల నెరవేరలేదు.

ఆ కథకు ఒక కొసరుంది. రాగాగ్లిటజార్‌ను ప్రపంచానికి పరిచయం చేసిన 2001 నాటి పరిశోధన పత్రంలో తొలి పేరు బి.బి. లోహ్రేది. ఆయన తర్వాత అహ్మదాబాద్‌లోని జైడస్‌కు వెళ్లారు. అక్కడ రూపొందిన సరోగ్లిటజార్ ఆల్ఫాను గట్టిగా, గామాను మెల్లగా తడుతుంది. 2013లో, అంజిరెడ్డి పోయిన కొద్ది నెలలకే, మధుమేహుల్లో కొవ్వు సమస్యకు అది భారత మార్కెట్లోకి వచ్చింది. 2020లో కొవ్వు కాలేయ జబ్బుకూ ఇక్కడ అనుమతి లభించింది.

మార్కెట్‌కు చేరిన గ్లిటజోన్ల బతుకు కూడా నల్లేరు మీద నడకేమీ కాదు. మొదట వచ్చిన ట్రోగ్లిటజోన్ కాలేయాలను దెబ్బతీసి 2000లో అమెరికాలో మాయమైంది. రోసిగ్లిటజోన్ గుండెపోటు ముప్పు పెంచుతోందని 2007లో స్టీవెన్ నిసెన్ లెక్కలు తీశారు. భారత్ దాన్ని 2010లో నిషేధించింది. మిగిలింది పయోగ్లిటజోన్. మూత్రాశయ క్యాన్సర్ భయంతో 2011లో ఫ్రాన్స్ దాన్ని ఆపేసింది. 2013 జూన్‌లో భారత ఆరోగ్య శాఖ కూడా ఉన్నట్టుండి అమ్మకాలను నిలిపేసింది. మధుమేహ వైద్యులు గగ్గోలు పెట్టారు. దీనికి బదులుగా రాసే కొత్త మందులు చాలా రెట్లు ఖరీదు, పేదలేం కావాలన్నది వారి ప్రశ్న. సుమారు ఆరు వారాలకే, జులై 31న నిషేధం ఎత్తేశారు. నిషేధించడానికి చూపినంత తొందరే ఎత్తేయడానికీ చూపిన ఈ తతంగంలో, మాత్ర మింగే మనిషికి విషయం చెప్పాలన్న ధ్యాస ఎవరికీ రాలేదు.

ఇంతకూ క్యాన్సర్ సంగతి ఏమైంది? అమెరికాలో పదేళ్లు సాగిన ఒక పెద్ద అధ్యయనం 2015లో స్పష్టమైన ముప్పు కనబడలేదంది. 2016లో బ్రిటన్ రోగుల సమాచారంతో చేసిన మరో అధ్యయనం ముప్పు ఉందంది. ఉన్నా తక్కువేనన్నది రెండింటినీ కలిపి చదివితే మిగిలే మాట. అదే 2016లో వచ్చిన మరో పరీక్ష ఈ మాత్ర మంచిని కూడా చూపించింది. పక్షవాతం వచ్చి, మధుమేహం లేకున్నా ఇన్సులిన్ సరిగా పనిచేయని 3,876 మంది మీద చేసిన పరీక్ష అది. పయోగ్లిటజోన్ తీసుకున్నవారిలో మళ్లీ పక్షవాతమో గుండెపోటో వచ్చినవారు 9 శాతం. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 11.8 శాతం. అయితే మందు తీసుకున్నవారిలో బరువు, వాపు, ఎముకలు విరగడం ఎక్కువ.

ఈ చివరి మూడూ మందులోని కల్తీ వల్ల వచ్చినవి కావు. అదే గుమాస్తా వేరే గదుల్లో చేసే డ్యూటీ. మూత్రపిండాల్లో పీపార్ గామా మేల్కొంటే ఉప్పు, నీరు బయటికి పోకుండా నిలుస్తాయి. అందుకే చెప్పులు బిగుతు, గుండె బలహీనంగా ఉన్నవారికి ఆయాసం. ఎముక మజ్జలో మూల కణం ఎముక కావాలా కొవ్వు కావాలా అని తేల్చుకునే చోట అది కొవ్వు వైపు మొగ్గు చూపుతుంది. అందుకే ముఖ్యంగా వయసు మళ్లిన ఆడవాళ్లలో ఎముకలు పెళుసు. షుగర్ దిగడానికి, కాళ్లు వాయడానికి వేర్వేరు కారణాలుంటే రసాయన శాస్త్రవేత్త ఒకదాన్ని కోసి పారేయగలిగేవాడు. మేలూ కీడూ విడదీయడం కుదురుతుందేమోనన్న ఆశ 2010లో మళ్లీ చిగురించింది. స్థూలకాయంలో సీడీకే5 అనే ఎంజైమ్ పీపార్ గామా మీద ఒకే ఒక చోట ఫాస్ఫేట్ ముద్ర వేసి పాడు చేస్తోందని, ఆ ముద్రను ఆపితే చాలు, గుమాస్తాను పూర్తిగా తట్టి లేపనక్కర్లేదని స్పీగెల్‌మన్ బృందం ప్రతిపాదించింది. ఆ దారిలో షుగర్ మందు ఏదీ ఇంకా షాపుకు చేరలేదు. ఈలోగా పీపార్ మందులు కాలేయం వైపు మళ్లాయి. పిత్త నాళాలను తినేసే ఒక జబ్బుకు ఎలాఫిబ్రానార్, సెలడెల్పార్ 2024లో అమెరికా అనుమతి పొందాయి.

కాబట్టి నెల్లితోపు పెద్దాయన ఇది చదివి రేపటి మాత్ర డస్ట్‌బిన్‌లో వేస్తే అదీ పొరపాటే. ఆయన షుగర్ దిగింది నిజం. గుండె నీరసపడినవారు, మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవారు, గతంలో వచ్చినవారు, మూత్రంలో రక్తం పడి కారణం తేలనివారు దీని జోలికి పోకూడదు. మిగతావారు తక్కువ మోతాదులో, కాళ్ల మీద, బరువు మీద ఓ కన్నేసి వాడుకోవచ్చు. డాక్టరు గారిని అడగాల్సిన ప్రశ్నలు మూడే. నా గుండె ఎలా ఉంది, ఈ వాపు మాత్ర వల్లనా, మోతాదు తగ్గించవచ్చా. అయితే ఆ ప్రశ్నలు అడగాలని ఆయనకు తెలిసేదెలా?

2013లో నిషేధం ఎత్తేస్తూ ప్రభుత్వం పెట్టిన షరతుల్లో ఇది తొలి మందుగా వాడరాదన్నది ఒకటి. క్యాన్సర్ హెచ్చరికను గడి కట్టి, ఎర్రటి మందపాటి అక్షరాల్లో అచ్చు వేయాలన్నది మరొకటి. వేయాల్సింది ఎక్కడంటే, మందుతో పాటు వచ్చే కరపత్రంలో. ఆ కరపత్రం డబ్బాలో ఉంటుంది. డబ్బా షాపులోనే ఉంటుంది. పెద్దాయన చేతికి వచ్చేది కత్తిరించిన స్ట్రిప్పులో ఓ ముక్క, దాని వెనక రేకు మీద కత్తెరకు తెగిపోగా మిగిలిన నాలుగు ఇంగ్లీషు అక్షరాలు.